భూగర్భమును జూచిన వారెవరు?

గడచిన సంవత్సరము వర్షాకాలములో నొకనాడు పై తరగతివారికి భూమి నిర్మాణమును గూర్చి పాఠము చెప్పుచుంటిని. నల్లబల్లమీద నొక పెద్ద వృత్తమును గీచి, దానిలోపల మఱి మూడు వృత్తములను గీచి, "ఇది భూపటలము, ఇది ప్రావారము, ఇది బాహ్య కేంద్రమండలము, ఇది అంతర కేంద్రమండలము" అని పేర్లు వ్రాసి, ఒక్కొక్కదాని లోతును కిలోమీటర్లలో వేసితిని. పిల్లలు తలలు వంచుకొని వ్రాసికొనుచుండిరి. వెనుక బల్లమీద గూర్చుండిన యొక బాలిక మాత్రము కలము క్రింద బెట్టి, "అయ్యా, అక్కడికి పోయి చూచిన వారెవరు?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. నేనును నవ్వితిని. కాని గంట కొట్టిన పిదప ఆ నవ్వు నాకే సిగ్గు కలిగించెను. ఏలయనగా, ఆ సంవత్సరమంతయు నన్నడిగిన ప్రశ్నలలో అంతకంటె సరియైన ప్రశ్న లేదు. ఎవరును పోయి చూడలేదు. చూడనిదానిని "ఇది యిట్లున్నది" యని నల్లబల్లమీద వ్రాయుటకు నాకేమి యధికారము? పుస్తకములో నున్నదనుట జవాబు కాదు. పుస్తకము వ్రాసినవాడును పోయి చూడలేదు గదా. ఆనాడు తరగతిలో నియ్యలేని జవాబును ఈ పత్రికయందు ఇయ్య బ్రయత్నించుచున్నాను.

మొదట మనుష్యుడు భూమిలోనికి ఎంతదూరము పోగలిగెనో చూతము. భూమి ఉపరితలమునుండి కేంద్రమునకు 6,371 కిలోమీటర్లు. రష్యాదేశపు వాయవ్యభాగమున కోలా యను ద్వీపకల్పములో 1970వ సంవత్సరమున నొక రంధ్రమును తొలువ నారంభించిరి. దాని వెడల్పు జానెడు. పందొమ్మిది సంవత్సరములు తొలువగా, 1989 నాటికి అది 12,262 మీటర్ల లోతునకు దిగెను. అచ్చటి వేడిమి వారు తలచినదానికంటె చాల హెచ్చుగా, 180 సెంటీగ్రేడు డిగ్రీలకు చేరెను. అంత వేడిమిలో శిల మెత్తబడి పనిముట్లకు లొంగకపోవుటచే పని నిలిచిపోయెను. పండ్రెండు కిలోమీటర్లనగా మొత్తము దారిలో ఐదువందల ఇరువదవ వంతు. భూమిని మామిడిపండుగా భావించినచో, ఆ సూది యింకను తొక్కలో సగమైనను దాటలేదు.

ఆ మామిడిపండు పోలికను మఱల వాడుకొందుము గనుక జ్ఞాపకముంచుకొనుడు.

పోలేనిచోటిని గూర్చి తెలిసికొనుట కేమి దారి? సంతలో కుండను గొను ఇల్లాలు దానిని పగులగొట్టి చూడదు. ఎడమచేత నెత్తిపట్టుకొని కుడిచేతి వ్రేలితో తట్టి, చెవి యొగ్గి వినును. ఈ రెండు పనులలో మొదటిది బరువును తెలుపును, రెండవది లోపలి స్థితిని తెలుపును. భూమి విషయమునను ఇదే జరిగెను. 1798లో హెన్రీ కావెండిష్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు సీసపు గుండ్ల నడుమనుండు ఆకర్షణను అతిసూక్ష్మముగా కొలిచి, దానినిబట్టి భూమి అంతే పరిమాణముగల నీటికంటె ఇంచుమించు ఐదున్నర రెట్లు బరువైనదని తేల్చెను. మన కాలిక్రిందనున్న గ్రానైటురాయి నీటికంటె రెండుముప్పాతిక రెట్లు మాత్రమే బరువు. కాబట్టి లోపల ఎక్కడనో రాతికంటె బహుభారమైన పదార్థము మిక్కుటముగా నుండవలెను. ఇంతవరకు సరియే. కాని మూట నెత్తి చూచినవాడు దానిలో బరువైనది కలదని చెప్పగలడే గాని, అది నడుమ ముద్దగా నున్నదో, అంతట కలిసియున్నదో చెప్పజాలడు. దానికి తట్టి చూచుట యవసరము. భూమిని తట్టగల చేయి యెవరికున్నది? ఆ పని భూకంపమే చేయుచున్నది.

భూమిలో నొకచోట శిల హఠాత్తుగా బ్రద్దలై జాఱినప్పుడు అచ్చటినుండి అన్ని దిక్కులకును తరంగములు వ్యాపించును. భూమి లోపలినుండి పోవు తరంగములు రెండు తెగలు. మొదటిదానిని తెలిసికొనుటకు, వరుసగా నొకరి వెనుక నొకరు నిలుచుండిన బాలురలో కట్టకడపటివానిని ముందునకు నెట్టుడు. ఆ నెట్టు ఒకనినుండి యొకనికి ప్రాకి మొదటివానిని జేరును. నెట్టిన దిక్కును, అది పోయిన దిక్కును ఒక్కటే. దీనిని ప్రాథమిక తరంగమనియు, పొడి యక్షరముతో పి తరంగమనియు నందురు. రెండవదానికి, చేంతాటి నొక కొనను స్తంభమునకు గట్టి, రెండవ కొనను ప్రక్కకు విదలింపుడు. వంపు త్రాటి వెంబడి పోవును. త్రాడు మాత్రము ప్రక్కలకు ఊగును. ఇది ద్వితీయ తరంగము, అనగా యస్ తరంగము. ఈ రెంటికిని ఒక ముఖ్యమైన భేదము కలదు. నెట్టుటకు గాలియు, నీరును, రాయియు అన్నియు ఎదురు నెట్టును. కాబట్టి పి తరంగము అన్నింటిలోను పోవును. ప్రక్కకు జరిపినప్పుడు మఱల తన చోటికి వచ్చు గుణము ఘనపదార్థమునకు మాత్రమే కలదు. నీటిని ప్రక్కకు జరిపిన, జరిగిన చోటనే యుండిపోవును. కావున యస్ తరంగము ద్రవములో అడుగు పెట్టజాలదు. ఈ యొక్క మాటను గట్టిగా పట్టుకొనినచో, తరువాత చెప్పబోవు వాదములో సగము చేతికి చిక్కినట్లే.

పి తరంగము వడిగలది. యస్ తరంగము మెల్లనిది. భూపటలపు శిలలలో మొదటిది సెకనుకు సుమారు 6 కిలోమీటర్లును, రెండవది మూడున్నర కిలోమీటర్లును పోవును. ఒక యూరినుండి ఒకే క్షణమున నొకడు సైకిలుమీదను, మఱియొకడు కాలినడకను బయలుదేరిరనుకొనుడు. సైకిలువాడు గంటకు పండ్రెండు కిలోమీటర్లును, నడచువాడు నాలుగును పోయినచో, కిలోమీటరు కిలోమీటరునకు వారి నడుమ పది నిమిషముల ఎడము పెరుగును. మన వీధి యరుగుమీద గూర్చుండి, సైకిలువాడు వచ్చిన గంటకు నడచువాడు వచ్చినచో, వారి యూరు ఆరు కిలోమీటర్ల దూరమున నున్నదని లేవకయే చెప్పవచ్చును. 1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారుజామున మహారాష్ట్రములోని కిల్లారి గ్రామమును నేలమట్టము చేసిన భూకంపము హైదరాబాదులోను తెలిసెను. నడుమ దూరము ఇంచుమించు 220 కిలోమీటర్లు. పై వేగములతో లెక్క కట్టినచో, రెండు తరంగముల రాకల నడుమ 26 సెకనుల ఎడము వచ్చును. విద్యార్థులు స్వయముగా కట్టి చూచుకొనవచ్చును. ఇట్లు మూడు స్టేషనులనుండి మూడు దూరములు తెలిసినచో, పటముమీద మూడు వృత్తములు గీచిన చాలును. అవి కలియుచోటే భూకంపస్థానము.

ఆ ఉదయము కిల్లారి ప్రాంతమున దాదాపు పదివేలమంది నిద్రలోనే మరణించిరి. ఈ వ్యాసములో "తరంగము", "గీత" అని తేలికగా వ్రాయుచున్నాను గాని, కాగితముమీది ఆ వంకర గీతలలో పెక్కింటికి ఆవలి కొనను కూలిన యిండ్లున్నవని మఱవరాదు.

దూరదేశపు భూకంపము భూమినంతయు దాటి వచ్చునని మొదట కనుగొనుట వెదకి చేసిన పని కాదు. జర్మనీదేశమున ఎర్న్‌స్ట్ ఫాన్ రెబర్ పాష్విట్జ్ అను యువకుడు నేల యొక్క అతిస్వల్పమైన వ్రాలును కొలుచుటకు సున్నితమగు లోలకముల నమర్చి, చంద్రాకర్షణమువలన నేల యెంత కదలునో చూచుచుండెను. 1889 ఏప్రిలులో ఆయన పట్టికలలో కారణము తెలియని యొక కలత కనబడెను. అటుపిమ్మట ఒక శాస్త్రపత్రికలో జపానునందు భూకంపము కలిగినట్లు చదివి, కాలములను సరిచూచి, రెండును ఒక్కటే యని గ్రహించెను. తోకియోలో కదలిన నేల పోట్స్‌డాములోని లోలకము నూపెను! ఆయన ముప్పది నాలుగవ యేటనే మరణించెను గాని, ఆ కలతను పనిముట్టు లోపమని త్రోసివేయక పోవుటవలన మనకు క్రొత్త చెవి దొరకెను.

ఆ చెవితో భూకేంద్రమును విన్నవాడు మన దేశమున ఉద్యోగము చేసినవాడే. రిచర్డ్ డిక్సన్ ఓల్డమ్ భారత భూగర్భ పరిశోధన శాఖలో నుండెను. ఆ శాఖకు తొలి యధిపతి యాయన తండ్రి థామస్ ఓల్డమ్. 1897 జూన్ 12వ తేదీ సాయంకాలము ఐదు గంటలు దాటిన వేళ అస్సామును మహాభూకంపము కుదిపెను. షిల్లాంగు పట్టణమున రాతికట్టడము లన్నియు కూలెను. పదిహేనువందలమందికి పైగా మరణించిరి. ఓల్డమ్ ఆ ప్రదేశమును పరిశీలింపబోయి, నేలలో పాతుకొనియున్న పెద్ద ఱాళ్లు తామున్న గుంటల అంచులను చెఱుపకయే పైకెగిరి ప్రక్కన బడియుండుట చూచెను. అనగా నేల భూమ్యాకర్షణను మించిన వేగముతో పైకి తన్నెనన్నమాట. ఆయన 1899లో ప్రకటించిన నివేదిక నేటికిని ఆ శాస్త్రమున గౌరవింపబడుచున్నది. కాని మన ప్రశ్నకు సంబంధించిన భాగము వేఱు. ఆ భూకంపము ఇటలీదేశపు పనిముట్లలోను వ్రాయబడెను. ఆ గీతలను విడదీసి చూచి, ముందు వచ్చునది, వెనుక వచ్చునది, కట్టకడపట పైపొర వెంబడి పెద్దయలలుగా వచ్చునది యని మూడు దశలను ఆయన వేఱుపఱచెను. అంతవరకు సిద్ధాంతమందు మాత్రమే యున్న పి, యస్ తరంగములకు కాగితముమీద రూపము దొరకినది అప్పుడే. ఈ భూకంపము కారణముగానే 1898లో కలకత్తాలోని ఆలీపూరునందు భూకంపలేఖిని స్థాపింపబడెను. బొంబాయిలోను కొడైకనాలులోను తరువాత వచ్చెను. హైదరాబాదు బేగంపేటలోని నిజామియా నక్షత్రశాలవారును పిమ్మట అట్టి పనిముట్టును నడపిరి.

ఓల్డమ్ స్వదేశమునకు పోయిన తరువాత పెక్కు భూకంపముల రాకడ వేళలను కూర్చి 1906లో నొక వ్యాసము ప్రకటించెను. ఆయన గమనించిన దిది. తరంగము ఎంత లోతునకు దిగునో యంత వడి పుంజుకొనును. కావున దూరపు స్టేషనులకు మన మనుకొనినదానికంటె త్వరగా చేరును. కాని భూగోళమునకు ఇంచుమించు ఆవలిప్రక్క నున్న స్టేషనులకు మాత్రము తరంగములు ఆలస్యముగా వచ్చినవి. భూమి నడుమనుండి వచ్చినవి మాత్రమే ఆలస్యమైనవి. కాబట్టి నడుమ తరంగములను మెల్లపఱచు వేఱొక పదార్థముతో నొక గోళము కలదు. ఆ గోళపు వ్యాసార్ధము భూవ్యాసార్ధములో పదింట నాలుగు వంతులని ఆయన యంచనా వేసెను. నేడు తెలిసిన కొలత పదింట ఐదున్నర వంతులకు కొంచెము తక్కువ. అంచనా తప్పినను వాదము తప్పలేదు.

1909లో జాగ్రెబు నగర సమీపమున భూకంపము కలుగగా, ఆంద్రియా మొహొరొవిచిచ్ అను పండితుడు అదే విధముగ పైపొర యడుగుహద్దును కనిపెట్టెను. భూపటలము సముద్రముల క్రింద ఆరేడు కిలోమీటర్లును, మన దక్కను క్రింద ఇంచుమించు 35 కిలోమీటర్లును, హిమాలయ టిబెట్టు ప్రాంతమున 70 కిలోమీటర్లును మందము. దాని క్రింద ప్రావారము. ప్రావారమనగా కప్పుకొను వస్త్రము. కేంద్రమండలమునకు కప్పిన శాలువ యని పేరు పెట్టినవారి యూహ.

ఆ శాలువ యెక్కడ ముగియునో గ్యొట్టింగెనులోని బెనో గూటెన్‌బర్గ్ 1913లో తేల్చెను: 2,900 కిలోమీటర్ల లోతున. నేటి పనిముట్లు చెప్పునది 2,891. వందేండ్లలో దిద్దుబాటు తొమ్మిది కిలోమీటర్లు మాత్రమే. ఆయనకు తోడ్పడినది వచ్చిన తరంగము కాదు, రాని తరంగము. భూకంపస్థానమునుండి భూమి గుండ్రనితనము వెంబడి కొలిచినచో, 104 డిగ్రీలవఱకు, అనగా సుమారు 11,500 కిలోమీటర్ల దూరమువఱకు, పి తరంగములు చక్కగా వచ్చును. అటుపిమ్మట 142 డిగ్రీలవఱకు దాదాపు నిశ్శబ్దము. మఱల 142 దగ్గఱ గట్టిగా వినబడును. భూగోళము చుట్టు పట్టీవలె నున్న ఈ నిశ్శబ్దప్రదేశమునకు ఛాయామండలమని పేరు. దీపము ముందట నిండు నీటిచెంబు వంటి గాజుగోళము నుంచి చూడుడు. వెలుగు లోనికి వంగి నడుమ నొకచోట కుప్పగా బడును. దాని చుట్టు నీడ. అట్లే, ప్రావారపు టడుగున సెకనుకు 13 కిలోమీటర్లకు పైబడి పరుగెత్తు పి తరంగము కేంద్రమండలములో ప్రవేశింపగానే 8 కిలోమీటర్లకు పడిపోయి లోనికి వంగును. నీడ యెంత వెడల్పో తెలిసినచో, నీడవేయు గోళ మెంత పెద్దదో లెక్కకు వచ్చును.

మఱి యస్ తరంగములో? అవి 104 డిగ్రీలు దాటిన పిమ్మట కేంద్రము నడుమనుండి యొక్కటియు రావు. ద్రవములో యస్ తరంగము పోజాలదని పైన జెప్పితిని. కేంద్రమండలము ద్రవమని యిప్పుడు మనకు వెంటనే తోచును. కాని ఆనాటి శాస్త్రజ్ఞులు చాలకాలము తటపటాయించిరి. రానంత మాత్రమున పోలేదని చెప్పవచ్చునా? బలహీనపడి గీతకు చిక్కలేదేమో! తటపటాయించుట న్యాయమే. 1926లో కేంబ్రిడ్జిలోని హెరాల్డ్ జెఫ్రీస్ వేఱొక సాక్షిని దెచ్చెను. సూర్యచంద్రుల యాకర్షణచే సముద్రమే కాదు, గట్టి నేలయు కొంచెము పొంగును. ఆ పొంగునుబట్టి మొత్తము భూమి యెంత బిగువైనదో తెలియును. యస్ తరంగముల వేగమునుబట్టి ప్రావారము మాత్ర మెంత బిగువైనదో తెలియును. ప్రావారము మొత్తముకంటె బిగువుగా తేలెను. అట్లయినచో తక్కిన భాగము, అనగా కేంద్రమండలము, బిగువు లేనిదై యుండవలెను. ఒకరి నొక రెఱుగని యిద్దరు సాక్షులు ఒకే మాట చెప్పిరి. కరగిన యినుమును, కొంత నికెలును, వానితో తేలికపాటి యితర పదార్థములును అందు గలవని నేటి నిశ్చయము.

ఇక నేను మిక్కిలి యిష్టపడు భాగము. ఛాయామండలమున "దాదాపు నిశ్శబ్ద" మని వ్రాసితిని. దాదాపు అనుమాటలో నొక కథ యున్నది. ఆ నీడలో అప్పుడప్పుడు బలహీనమైన పి తరంగములు కనబడుచుండెను. కేంద్రమండలపు అంచును ప్రాకి వచ్చినవని పెద్దలందఱును సరిపెట్టుకొనిరి. డెన్మార్కుదేశపు ఇంగె లేమన్ సరిపెట్టుకొనలేదు. ఈమె 1888లో కోపెన్‌హేగనులో జన్మించెను. హన్నా ఆడ్లర్ అను విదుషీమణి, అణుశాస్త్రజ్ఞుడు నీల్స్ బోర్ యొక్క పెద్దతల్లి, నడపిన బడిలో చదివెను. ఆ బడిలో బాలురకును బాలికలకును ఒకే పాఠములు, ఒకే యాటలు. అచ్చట తెలివిలో ఆడ మగ భేదమును ఎవరును పాటింపలేదనియు, లోకము అట్లు లేదని తరువాత తెలిసికొని నిరాశ పొందితిననియు ఆమె చెప్పుచుండెడిది. కేంబ్రిడ్జికి పోయి, అతిశ్రమచే నలిగి, చదువు నడుమ నాపి తిరిగి వచ్చి, కొన్ని యేండ్లు భీమా లెక్కల కచేరీలో పని చేసెను. పట్టము పొందునప్పటికి ఆమె వయస్సు ముప్పది దాటెను. 1925లో మాత్రమే భూకంపశాస్త్రములో ప్రవేశించి, డెన్మార్కునందును గ్రీన్‌లాండునందును లేఖినులను నెలకొల్పు పనిలో కుదిరెను. 1928లో ఆ శాఖకు పెద్ద యయ్యెను.

1929 జూన్ 17వ తేదీన న్యూజీలాండులో మర్చిసన్ దగ్గఱ గొప్ప భూకంపము కలిగెను. ఐరోపా, రష్యా స్టేషనులు దానికి భూగోళపు అవతలి ప్రక్కకు చేరువగా నుండుటచే, భూమి నడిబొడ్డునుండి వచ్చు తరంగములకు అవి తగిన చోట్లు. లేమన్ ఆ గీతలను తెప్పించి చూచెను. స్వెర్డ్‌లోవ్స్కు, ఇర్కుట్స్కు అను రష్యా స్టేషనులు రెండును ఛాయామండలములో నున్నవి. అయినను అక్కడ పి తరంగములు స్పష్టముగా, నేలను నిలువుగా నెత్తుచు వచ్చినవి. అంచును ప్రాకి వచ్చిన యల నీరసించి యుండవలెను. ఇంత బలముతో రాదు. మఱి యెట్లు వచ్చెను? ఆమె చేసిన పని యెంత సులభమో చూడుడు. ప్రావారమంతట వేగము సెకనుకు 10 కిలోమీటర్లు, కేంద్రమండలమంతట 8 అనుకొనెను. ఇది నిజము కాదని యామె యెఱుగును, లెక్కకు తేలిక. తరువాత కేంద్రమండలము నడుమ, తరంగము మఱల కొంచెము వడిగా పోవు చిన్న గోళము నొకదానిని ఉంచి చూచెను. ఆ గోళమునకు తగిలిన తరంగములు వంగి సరిగా ఛాయామండలములోనే పైకి వచ్చెను. 1936లో ఈ సంగతిని ప్రకటించెను. ఆ వ్యాసమునకు ఆమె పెట్టిన పేరు ఒకే యక్షరము: పి, దానిపై చిన్న గీటు. ఓల్డమ్ అదే సంవత్సరము జూలైలో మరణించెను.

కంప్యూటరులు లేని దినములవి. లేమన్ ఇంటి తోటలో బల్లమీద ఓట్సు అట్టపెట్టెల నిండ చీట్లు పేర్చుకొని, ఒక్కొక్క చీటిమీద నొక్కొక్క భూకంపపు వేళలను వ్రాసి, అటునిటు మార్చి చూచుచుండెడిదని ఆమె బంధువొకరు జ్ఞాపకము చేసికొనిరి. ఆమె నూటనాలుగు సంవత్సరములు జీవించి 1993లో మరణించెను.

ఇప్పుడు మామిడిపండునకు వత్తము. తొక్క భూపటలము, కండ ప్రావారము, టెంక బాహ్య కేంద్రమండలము, టెంకలోని జీడి 1,221 కిలోమీటర్ల వ్యాసార్ధముగల అంతర కేంద్రమండలము. పోలిక చక్కగానే కుదిరెను గాని, ఒకచోట తలక్రిందు. పండులో కండ మెత్తన, టెంక గట్టి. భూమిలో కండ గట్టి, టెంక ద్రవము, జీడి మఱల గట్టి. పరీక్షలో మామిడిపండు బొమ్మ వేయువారు దీనిని గుర్తుంచుకొనవలెను. అంత లోతున, సూర్యుని ఉపరితలముతో సమానమైన వేడిమిలో, జీడి యేల కరగదన, పైనున్న యంతటి భారము దానిని నొక్కిపట్టుట చేతనే.

జీడి గట్టిదని రూఢియగుటకు మఱి ముప్పదియైదేండ్లు పట్టెను. 1960 మే 22వ తేదీన చిలీదేశమున 9.5 పరిమాణముగల భూకంపము కలిగెను. పనిముట్లు కొలిచినవానిలో ఇంతకంటె పెద్దది లేదు. దాని దెబ్బకు భూమి యంతయు గుడిగంటవలె మ్రోగెను. మన చెవికి వినబడు మ్రోత కాదు. ఒక్కొక్క ఊపునకు 54 నిమిషములు పట్టునంతటి మంద్రస్వరము. కుండ మ్రోతనుబట్టి ఇల్లాలు బీటను కనిపెట్టునట్లు, ఇట్టి పెక్కు స్వరములను కొలిచి, 1971లో జివాన్‌స్కీ, గిల్బర్టు అనువారు అంతర కేంద్రమండలము ఘనమై యుండిన గాని ఆ స్వరములు పలుకవని చూపిరి.

ఇంతవఱకు చెప్పినది పొరలను గూర్చి. ఒకే పొరలో ఇక్కడకు అక్కడకు గల భేదములను పటముగా తీయుట తరువాతి కాలపు పని. భూగర్భమున రహస్యముగా చేయు అణుబాంబు పరీక్షలను పసికట్టుటకై 1960 ప్రాంతమున లోకమంతట ఒకే తీరు లేఖినులను నూటికి పైగా స్థాపించిరి. యుద్ధభయముతో పెట్టిన పనిముట్లు భూశాస్త్రమునకు అక్కఱకు వచ్చెను. 1970వ దశకము చివరినుండి కంప్యూటరులు వచ్చి పద్ధతి కుదిరెను. దాని మర్మ మిది. సంతకు నలుదిక్కుల యూళ్లనుండి బండ్లు వచ్చుననుకొనుడు. ఏ బండి ఎప్పుడు బయలుదేరినదో, ఏ దారిన వచ్చినదో వ్రాసి పెట్టుకొందుము. కొన్ని బండ్లు ఆలస్యమాయెను. ఆలస్యమైన బండ్ల దారుల నన్నిటిని పటముమీద గీచినచో, అవి యొకదాని నొకటి కోయుచోట బురద యుండవలెను. మనము ఆ బురదను చూడనక్కఱలేదు. భూమిలో వేడియెక్కి మెత్తబడిన చోట తరంగము మెల్లగిలును. చల్లని బిగువైన చోట వడిగా పోవును. పదుమూడు నిమిషములు ప్రయాణించు తరంగము ఒకటి రెండు సెకనులు వెనుకబడుటయో ముందగుటయో చూచి, అట్టివి లక్షలకొలది కూర్చి, ఆస్పత్రులలో తలను స్కాను తీయునట్లు భూమిని స్కాను తీయుచున్నారు.

ఆ పటములలో మన దేశమును గూర్చిన వార్తయు గలదు. భరతఖండము ఉత్తరముగా సాగివచ్చి ఆసియాను తాకక పూర్వము నడుమ టెథిస్ అను సముద్ర ముండెను. ఆ సముద్రపు టడుగుపలకలు క్రుంగి లోనికి పోయెను. పోయినవి కరగి మాయమాయెననుకొనుచుండగా, మన దేశము క్రింద ప్రావారపు లోతులలో అవి యింకను చుట్టుపట్లకంటె చల్లగా, తరంగములను వడిగా పోనిచ్చుచు నిలిచియున్నట్లు తేలెను. మఱియు ఆఫ్రికా క్రిందను, పసిఫిక్ మహాసముద్రము క్రిందను, ప్రావారపు అట్టడుగున ఖండములంతేసి ప్రదేశములు రెండు కలవు. వానిలో యస్ తరంగములు మందగించును. అవి వట్టి వేడిమి గుట్టలా, వేఱు పదార్థపు ముద్దలా యనునది ఇంకను వివాదము.

ఇచ్చట నొక హెచ్చరిక. పుస్తకములలోని యట్టి పటములలో మందమైన చోట్లకు ఎఱుపును, వడియైన చోట్లకు నీలమును వేయుదురు. ఆ రంగులు చిత్రకారుడు పెట్టినవి. కొలిచినది కాలము మాత్రమే. మఱియు భూకంపములు కొన్ని చోట్లనే కలుగును. లేఖినులు నేలమీదనే హెచ్చు, సముద్రములలో బహు తక్కువ. బండ్లు నడువని దారిలో బురద యున్నదో లేదో యెట్లు తెలియును? పటములో స్పష్టముగా నున్న భాగమునకును, అలికినట్లున్న భాగమునకును భేదమును గుర్తింపనివాడు పటమును చదివినవాడు కాడు. 1961లో హైదరాబాదున నెలకొల్పబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారి స్టేషను వంటివి దక్షిణభారతమున నుండుటవలన, హిందూమహాసముద్రపు వైపునుండి వచ్చు దారులలో కొన్నియైనను వ్రాతకెక్కుచున్నవి.

ఈ వ్యాసమును అచ్చునకు పంపుటకు ముందు ఆ బాలికను పిలిచి చదివించితిని. ఓపికగా చదివి, "అయ్యా, జీడి లోపల నింకేమైన నున్నదా?" అని యడిగెను. ఈసారి నవ్వలేదు. 2002లో హార్వర్డులోని ఇద్దరు శాస్త్రజ్ఞులు, జీడి నట్టనడుమ తరంగవేగము దిక్కునుబట్టి వేఱొక తీరుగా మాఱుచున్నదని, అచ్చట మఱియొక చిన్న గోళము కలదని ప్రతిపాదించిరి. 2023లో ఆస్ట్రేలియావారు, భూమి ఈ చివరినుండి ఆ చివరికి కేంద్రము మీదుగా ఐదుమార్లవఱకు పోయి వచ్చిన తరంగములను గీతలలో పట్టి, ఆ గోళపు వ్యాసార్ధము 650 కిలోమీటర్ల ప్రాంతమని చెప్పిరి. అందఱును ఒప్పుకొనలేదు. నల్లబల్లమీద ఐదవ వృత్తమును గీయవచ్చునా యని ఆమె యడుగగా, చుక్కల గీతతో గీయుమంటిని.